క్రొవ్వు పదార్థాలు – స్థూలకాయం – మన ఆరోగ్యం

ఉర్దూ భాషలో అదృష్టం వరించిన వానిని గురించి చెప్పేటప్పుడు వాని అయిదు వ్రేళ్ళూ నేతిలో ఉన్నవంటారు. తెలుగులో ఒళ్ళు తెలియక మాట్లాడే వానిని కొవ్వెక్కినాడంటారు. ఒకే పదార్థాన్ని ఒక భాష భాగ్యానికీ, మరియొక భాష మదానికీ గుర్తుగా తీసుకొన్నది. ఈ రెండు భాషలూ ప్రక్కప్రక్కన వినిపించే కళాశాలలో చదివే మనకు రెండు మాటలూ పరిచితమే. విజ్ఞానశాస్త్రం ఇందులో ఎవరి పక్షం వహిస్తున్నదని అడిగితే సమాధానం ఒక్క మాటలో రాదు. క్రొవ్వు లేనిదే శరీరం నిలువదు. అదే క్రొవ్వు మితిమీరినా, చేరరాని చోట చేరినా శరీరాన్ని లోలోపల చెరచివేస్తుంది. ఎంత తినవలెను అన్న ప్రశ్నను మనం తరచుగా వేసుకొంటాము. ఏ రకం క్రొవ్వు తినవలెను, దానిని దేనితో కలిపి తినవలెను అన్న ప్రశ్నలు అంతగా వేసుకోము. ఈ వ్యాసంలో ఈ మూడింటినీ విచారింపదలచినాము.

ఆహారంలో శక్తినిచ్చే పదార్థాలు ముఖ్యంగా మూడు: పిండిపదార్థాలు, మాంసకృత్తులు, క్రొవ్వులు. ఒక గ్రాము పిండిపదార్థం గాని, మాంసకృత్తు గాని ఇంచుమించు 4 కేలరీల శక్తినిస్తుంది. ఒక గ్రాము క్రొవ్వు 9 కేలరీలనిస్తుంది. ఎ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వులో కరిగి గాని ప్రేగుల నుండి రక్తంలోనికి చేరవు. లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు క్రొవ్వు ఆమ్లాలను శరీరం తనంతట తాను తయారు చేసుకోలేదు గనుక అవి ఆహారం ద్వారానే రావలెను. ప్రతి జీవకణపు పైపొరకూ, అనేక హార్మోనులకూ క్రొవ్వే ముడిసరుకు. కనుక నూనె చుక్క ముట్టని వ్రతం ఎవరికీ అవసరం లేదు.

అయితే శరీరం జమాఖర్చులలో మిక్కిలి పొదుపరి. తిన్న దానిని జీర్ణించి, మార్చి, సర్దుకొనటానికి కూడ కొంత శక్తి ఖర్చవుతుంది. మాంసకృత్తుల విషయంలో ఈ ఖర్చు వాటి శక్తిలో నూటికి 20 నుండి 30 పాళ్ళు. పిండిపదార్థాల విషయంలో 5 నుండి 10 పాళ్ళు. క్రొవ్వు విషయంలో మాత్రం 3 పాళ్ళు మించదు. అనగా తిన్న క్రొవ్వులో మిగులుబాటు దాదాపు యథాతథంగా నిలువలో చేరిపోతుంది. దీనికి తోడు మన కడుపు కేలరీలను కాక పరిమాణాన్ని చూచి తృప్తి పడే స్వభావం కలది. ఉడికించిన బంగాళాదుంప 100 గ్రాములలో సుమారు 85 కేలరీలు ఉంటే, అదే దుంపను పలుచగా తరిగి నూనెలో వేయించిన చిప్సు 100 గ్రాములలో 500 కేలరీలకు పైగా ఉంటాయి. దుంపను రెండు ముక్కలు తినగానే చాలుననిపిస్తుంది. చిప్సు సంచీ అడుగంటేదాకా అట్లా అనిపించదు.

ఒక పెద్ద చెంచా నూనె సుమారు 14 గ్రాములు, అనగా 125 కేలరీలు. అవసరానికి మించి రోజుకు ఒక్క చెంచా అదనంగా తింటే, సంవత్సరానికి దాదాపు 6 కిలోల బరువు పెరగవలెనని కాగితం మీది లెక్క చెబుతుంది. నిజానికి అంత పెరగదు. శరీరం బరువెక్కిన కొద్దీ దానిని మోయటానికి అయ్యే ఖర్చు కూడ పెరుగుతుంది గనుక బరువు కొన్నాళ్ళకు ఒక చోట నిలిచిపోతుంది. కాని నిలిచిన చోటు మునుపటి చోటు కాదు. ఒక చెంచా కదా అని తేలికగా చూడటం వల్లనే నడివయస్సు వచ్చేసరికి మనలో చాలమందికి పాత దుస్తులు బిగుతవుతున్నవి.

ఇంతవరకు విషయం సులభంగానే ఉన్నది. చిక్కు ఇక్కడి నుండి మొదలవుతుంది.

శాస్త్రజ్ఞుల పరిశోధనలలో ‘అధిక క్రొవ్వు ఆహారం’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ప్రయోగశాలలో ఎలుకలకు పెట్టే అటువంటి ఆహారంలో మొత్తం శక్తిలో నూటికి 45 గాని, 60 గాని పాళ్ళు క్రొవ్వు నుండే వస్తుంది. అందులో పంది కొవ్వు ముఖ్యమైన దినుసు. కొన్ని జాతుల ఎలుకలు ఈ ఆహారం మీద కొద్ది వారాలలోనే లావెక్కి, కాలేయంలో క్రొవ్వు పేరుకొని, మధుమేహపు వాకిట నిలుస్తాయి. ఈ ప్రయోగాల వల్ల వ్యాధి నడిచే మార్గం ఎంతో తెలియవచ్చినది. కాని మామూలు మనుష్యులు నూటికి 60 పాళ్ళు క్రొవ్వు తినరు. అందుచేత ఎలుకను చూచి మనిషికి తీర్పు చెప్పటం తొందరపాటు అవుతుంది.

మనుష్యుల మీద జరిగిన పరీక్షలలో రెండింటిని చెప్పుకోవటం అవసరం. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును క్రొవ్వు తగ్గించమనీ, మరియొక జట్టును పిండిపదార్థం తగ్గించమనీ చెప్పి 12 నెలలు గమనించినారు. ఇరువురికీ కూరగాయలు ఎక్కువగా తినమనీ, మైదా, పంచదార మానమనీ చెప్పినారు. మొదటి జట్టు సగటున 5.3 కిలోలు, రెండవ జట్టు 6 కిలోలు తగ్గినది. ఇది లెక్కలోనికి తీసుకొనదగినంత తేడా కాదని వారు తేల్చినారు. 2021లో ప్రచురితమైన మరియొక పరీక్షలో 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు క్రొవ్వు మిక్కిలి తక్కువగా ఉన్న శాకాహారం, రెండు వారాలు క్రొవ్వు మిక్కిలి ఎక్కువగా ఉన్న మాంసాహారం ఇచ్చి, ఇష్టం వచ్చినంత తినమన్నారు. తక్కువ క్రొవ్వు ఆహారం తిన్న రోజులలో వారు తమకు తెలియకుండానే రోజుకు దాదాపు 690 కేలరీలు తక్కువ తిన్నారు. అయితే భోజనం తరువాత రక్తంలో చక్కెర మాత్రం ఆ రోజులలోనే ఎక్కువగా పెరిగినది. అధిక క్రొవ్వు ఆహారం మనిషి చేత ఎక్కువ తినిపించటానికి అవకాశమిస్తుంది. అయినా క్రొవ్వును ఒక్కదానినే దోషిగా నిలబెట్టటానికి ఈ సాక్ష్యం చాలదు.

ఇక క్రొవ్వుల రకాల సంగతి. నెయ్యి, వెన్న, మాంసపు కొవ్వు, పామాయిలు, కొబ్బరినూనెలలో సంతృప్త క్రొవ్వు అధికం. కొబ్బరినూనెలో అది నూటికి 90 పాళ్ళ వరకు ఉంటుంది. వేరుశనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు నూనెలలో అసంతృప్త క్రొవ్వులు అధికం. ఈ భేదం పాఠ్యపుస్తకానికి మాత్రమే పరిమితమైనది కాదు. 2014లో స్వీడన్‌లోని ఉప్సాలాలో మామూలు బరువుగల 39 మంది యువతీయువకులకు 7 వారాలపాటు రోజువారీ ఆహారానికి అదనంగా కేకులు తినిపించినారు. సగం మంది కేకులు పామాయిలుతో చేసినవి, తక్కినవారివి ప్రొద్దుతిరుగుడు నూనెతో చేసినవి. రెండు జట్లూ సమానంగా 1.6 కిలోల బరువు పెరిగినవి. తూనిక చూపిన ముల్లు ఒకటే. కాని లోపల చూడగా, పామాయిలు తిన్నవారి కాలేయంలోనూ, కడుపులోని అవయవాల చుట్టూ క్రొవ్వు ఎక్కువగా చేరినది. రెండవ జట్టువారిలో పెరిగిన బరువులో కండ భాగం ఎక్కువగా ఉన్నది. పరీక్ష చిన్నదే అయినా, బరువు చూచే యంత్రం చెప్పని సంగతి ఒకటి ఉన్నదని అది చూపినది.

స్పెయిన్ దేశంలో 7,447 మందితో జరిగి, 2013లో వెలువడి, లోపాలు సరిచేయబడి 2018లో మరల ప్రచురితమైన పరీక్షలో ఆలివ్ నూనె గాని, బాదం, అక్రోటు వంటి గింజలు గాని ధారాళంగా తిన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటివి సుమారు నూటికి 30 పాళ్ళు తగ్గినవి. ఈ వార్త చదివి మన పట్టణాలలో కొందరు ఖరీదైన ఆలివ్ నూనె సీసాలు తెచ్చుకొంటున్నారు. తెచ్చుకోగలవారిని మేము వారించము. కాని పచ్చడిలో పడే నువ్వులు, ఉడకబెట్టిన వేరుశనగలు ఈ కోవలోనివే కదా, వాటిని చిన్నచూపు చూడటమెందుకు?

అన్ని క్రొవ్వులలోనూ అన్యాయమైనది మనిషి తయారు చేసినది. నూనెలోనికి హైడ్రోజన్ వాయువు ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి 1902లో జర్మనీ దేశపు విల్హెల్మ్ నార్మన్ పేటెంటు పొందినాడు. మన దేశంలో 1937లో ‘డాల్డా’ పేరుతో వనస్పతి బజారులోనికి వచ్చినది. నెయ్యి కొనలేని ఇంటికి అది నేతి రూపంలో ప్రవేశించినది. పెళ్ళిళ్ళలో, దావత్‌లలో, మిఠాయి దుకాణాలలో దానిదే రాజ్యమైనది. నేతివలె పేరుకొంటుంది, చాల రోజులు చెడదు, ధర తక్కువ. ఈ మూడు గుణాలు చూచిన వంటవారు అంతకు మించి ఆలోచింపవలసిన అవసరం అప్పుడు లేదు. గడ్డకట్టించే ఆ ప్రక్రియలో ‘ట్రాన్స్’ క్రొవ్వులనే వికృత రూపాలు పుడతాయి. అవి రక్తంలో కీడుచేసే ఎల్.డి.ఎల్. కొలెస్టరాల్‌ను పెంచి, మేలుచేసే హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తాయని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు వెల్లడించినారు. వెన్న కూడ చేయని ద్విగుణమైన కీడు ఇది. మన దేశంలో నూనెలు, వనస్పతిలో ఈ ట్రాన్స్ క్రొవ్వు 2021లో నూటికి 3 పాళ్ళు, 2022 జనవరి నుండి 2 పాళ్ళు మించరాదని శాసించినారు. నియమం మంచిదే. కాని ఆ లోటును పూరించటానికి పామాయిలు వంటి సంతృప్త క్రొవ్వునే వాడటం వల్ల, డబ్బా మీద ‘ట్రాన్స్ లేదు’ అని ఉన్నంత మాత్రాన వనస్పతి నిర్దోషి కాజాలదు.

క్రొవ్వు శరీరంలో ఎక్కడ చేరుతుందన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. చర్మం క్రింద, తొడలలో, పిరుదులలో ఉండే క్రొవ్వు కణజాలం రైతు ఇంటి గాదె వంటిది. మిగులు ధాన్యమంతా అందులో భద్రంగా ఉంటుంది. గాదె నిండిన తరువాత కూడ బండ్లు వస్తూనే ఉంటే బస్తాలు వసారాలో, వంటింటిలో, దేవుడి గదిలో పడవేయవలసివస్తుంది. అట్లాగే చర్మం క్రింది నిలువ చాలనప్పుడు క్రొవ్వు కాలేయంలో, కండరాలలో, క్లోమంలో, ప్రేగుల చుట్టూ చేరుతుంది. కాలేయ కణాలలో, కండరాలలో పేరుకొన్న క్రొవ్వు నుండి పుట్టే కొన్ని పదార్థాలు ఇన్సులిన్ ఇచ్చే ఆజ్ఞను లోపలికి పోనీయవు. దీనినే ఇన్సులిన్ నిరోధం అంటారు. అప్పుడు కండరం చక్కెరను సరిగా తీసుకోదు. కాలేయం రాత్రివేళ కూడ ఆపకుండా చక్కెరను రక్తంలోనికి వదులుతూనే ఉంటుంది. క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ సంవత్సరాల తరబడి శ్రమపడి, చివరికి అలసిపోతుంది. ఈలోగా రక్తంలో ట్రైగ్లిసరైడులు పెరుగుతాయి, హెచ్.డి.ఎల్. తగ్గుతుంది, రక్తపుపోటు హెచ్చుతుంది. ఇన్ని అనర్థాలు జరుగుతున్నా మనిషికి నొప్పి తెలియదు. అదే దీనిలోని భయంకరమైన అంశం.

భారతీయులలో ఈ గాదె చిన్నది. 2004లో లాన్సెట్ వైద్యపత్రికలో పుణె నగరపు డాక్టరు యాజ్ఞిక్, లండన్ నగరపు డాక్టరు యుడ్కిన్ కలిసి తమ ఇద్దరి ఛాయాచిత్రాన్నే ప్రచురించినారు. ఎత్తుకు తగిన బరువును సూచించే సంఖ్య ఇద్దరికీ సమానంగా 22.3. చూపులకు ఇద్దరూ సన్నని వారే. శరీరంలోని క్రొవ్వును కొలువగా యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్ళు ఉన్నది. వైద్యశాస్త్రంలో ఇంత చక్కని పాఠం చెప్పిన ఛాయాచిత్రం అరుదు. పుణె ప్రాంతంలో పుట్టే శిశువులు ఇంగ్లండు శిశువులకంటె బరువులో ఎంతో తక్కువగా ఉన్నా, వారిలో క్రొవ్వు మాత్రం అంతగా తగ్గలేదని కూడ ఆ పుణె పరిశోధకులే చూపినారు. కనుక “మా వాడు పుల్లవలె ఉన్నాడు, వానికి చక్కెర జబ్బు ఎక్కడిది?” అనే తల్లి మాట ప్రేమతో కూడినదే గాని నిజంతో కూడినది కాదు. బరువుకంటె నడుము చుట్టుకొలత మనకు మంచి సూచిక. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలెను. 2023లో వెలువడిన అఖిల భారత సర్వేలో పెద్దవారిలో నూటికి 11.4 మందికి మధుమేహం ఉన్నట్లూ, 39.5 మందికి పొట్ట భాగపు స్థూలత్వం ఉన్నట్లూ తేలినది. దేశం మొత్తం మీద మధుమేహం గలవారు 10 కోట్లు దాటినారు.

ఇప్పుడు మన కంచం వైపు చూడవలెను. 2025లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం భారతీయులు తినే శక్తిలో నూటికి 62 పాళ్ళు పిండిపదార్థం నుండే వస్తున్నది. అందులో అధికభాగం పాలిషుపట్టిన బియ్యం, గోధుమ పిండి, పంచదార. పాశ్చాత్యుల ‘అధిక క్రొవ్వు ఆహారం’ వేరు, మన ఆహారం వేరు. మనం అన్నం తగ్గించి క్రొవ్వు తినటం లేదు. నిండుగా ఉన్న అన్నం మీద క్రొవ్వు పోసుకొంటున్నాము. అన్నం వల్ల రక్తంలో చక్కెర పెరిగి ఇన్సులిన్ విడుదలవుతుంది. ఇన్సులిన్ రక్తంలో ఉన్నంతసేపు శరీరం నిలువ ఉన్న క్రొవ్వును ఖర్చు చేయదు, వచ్చిన క్రొవ్వును దాచుకొంటుంది. ఆ సమయానికే నేతి బిర్యానీలోని క్రొవ్వు కూడ వచ్చి చేరితే అది నేరుగా నిలువలోనికి పోతుంది. బిర్యానీ, పూరీ, డబుల్ కా మీఠా, కజ్జికాయలు, మిర్చి బజ్జీ, వీటన్నిటిలోనూ పిండి, నూనె జంటగా ఉన్నవి. పండుగకో, వలీమాకో ఒకనాడు తిన్న బిర్యానీ ఎవరినీ రోగిని చేయదు. హైదరాబాదు వంటి నగరాలలో అది పండుగ వంటగా కాక వారానికి మూడు రోజుల ఫలహారంగా మారటమే ప్రమాదం.

కొన్నేళ్ళ క్రితం, 2018 ప్రాంతంలో, అన్నం, రొట్టె పూర్తిగా మాని కొబ్బరినూనె వంటి క్రొవ్వులు విస్తారంగా తీసుకొంటే మధుమేహం పోతుందనే పద్ధతి తెలుగు జిల్లాలలో ఊరూరా ప్రచారమైనది. సభలు జరిగినవి, వేలమంది ఆచరించినారు. పిండిపదార్థం మానినందువల్ల కొందరికి చక్కెర తగ్గినది, బరువూ తగ్గినది. అందులో వింత లేదు. కాని కొబ్బరినూనె ఎల్.డి.ఎల్.ను పెంచుతుంది. తక్కిన వృక్షసంబంధమైన నూనెలతో పోల్చినప్పుడు ఈ పెరుగుదల డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములని 2020లో పలు పరీక్షలను కలిపి చూచినవారు లెక్క కట్టినారు. అంతకంటె తక్షణమైన ప్రమాదం ఒకటి ఉన్నది. ఇన్సులిన్ సూదులు గాని, క్లోమాన్ని ప్రేరేపించే మాత్రలు గాని వాడుతున్న రోగి వైద్యునికి చెప్పకుండా హఠాత్తుగా అన్నం మానితే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. మూత్రం ద్వారా చక్కెరను వెలుపలికి పంపే కొత్త మాత్రలు వాడేవారిలో రక్తం ఆమ్లభరితమై ప్రాణాపాయం కూడ కలుగవచ్చును. ఇటువంటి పథ్యం ప్రారంభింపదలచినవారు ముందుగా మందుల మోతాదు మార్పించుకొనవలెను. ఉపన్యాసం విని ఇంటికి వచ్చిన రాత్రే మొదలుపెట్టటం సాహసం అనిపించుకొనదు, అజ్ఞానమే అవుతుంది.

మన హైదరాబాదులోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి తరలివచ్చిన ఈ సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి వంటనూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలునన్నది. గ్రాముల లెక్క వంటింటిలో ఎవరూ వేయరు. నెలకు తెచ్చే నూనె లెక్క మాత్రం ప్రతి ఇల్లాలికీ తెలుసు. నలుగురు పెద్దవారు ఉన్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు తెస్తే తలకు 27 గ్రాములు పడినట్లే. అయిదు లీటర్లు అవుతున్నదంటే తలకు 38 గ్రాములు. బజారు బజ్జీలు, బేకరీ సరుకులు, దావత్‌లు ఇందులో చేరలేదు. పాఠకులు తమ ఇంటి నూనె పద్దును ఒకసారి ఈ లెక్కతో సరిచూడవలెనని కోరుతున్నాము. హాస్టలులో ఉండేవారు మెస్ పద్దు అడిగి చూడవచ్చును.

వేయించిన నూనెనే మరల మరల కాచటం కూడ మానవలెను. మిగిలిన నూనెను మరునాటి తాలింపులకు కొద్దికొద్దిగా వాడి త్వరలో ముగించటం మేలు గాని, దానిలోనే మళ్ళీ గారెలు వేయరాదు.

వంటవారు సాలన్ మీద తేలే ఎర్రని నూనెను ‘తరీ’ అంటారు. అది ఎంత తేలితే వంట అంత కుదిరినదని వారి గర్వం. నూనెతో చేసిన వంటలోని తరీ చల్లారినా గడ్డకట్టదు గనుక దానిని వేడిగా ఉన్నప్పుడే గిన్నె ఒక ప్రక్కకు వంచి గరిటెతో తీసివేయవలెను. నహారీ, పాయా వంటి మాంసపు షోర్వాలకు ఇంకొక సులభోపాయం ఉన్నది. రాత్రి వండి చల్లని చోట ఉంచితే తెల్లవారేసరికి కొవ్వు తెల్లని పొరగా పైన పేరుకొంటుంది. ఆ పొరను చెంచాతో ఎత్తివేసి, షోర్వాను మరల కాచుకొంటే మసాలా రుచీ, ఎముకల సారమూ గిన్నెలోనే మిగులుతాయి.